కూర్చుని ఎగరరాదు

మా జిల్లాలో విమానాన్ని గోతిలో దించిన సంగతి మీరు వినే ఉంటారు. దాని గురించి నానా రకాలుగా చెప్పుకుంటున్నారు. కలెక్టరాఫీసులో అందరికీ ఒకేసారి మతి పోయిందని కొందరు, ఎండదెబ్బ అని కొందరు అంటున్నారు. రెండూ నిజం కావు. పూర్తి స్పృహలో ఉండి, నిబంధనల ప్రకారం, సంతకాలు పెట్టి మరీ చేసిన పని అది. నాకు బాగా తెలుసు, ఎందుకంటే మొదటి సంతకం నాది.

నా పేరు ఇప్పిలి తారకేశ్వరరావు. కలెక్టరాఫీసు ప్రోటోకాల్ సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. పెద్దలు వచ్చినప్పుడు ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చోకూడదు, ఎవరికి శాలువా, ఎవరికి ఉత్త దండ అన్నది తేల్చడం నా ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా చేస్తున్నాను. దీనికి తెలివి అక్కర్లేదు, పాత ఫైలు ఉంటే చాలు. పోయినేడాది ఫైలు తీసి, తేదీ మార్చి, సభ పేరు మార్చి, మిగిలింది మక్కీకి మక్కీ దించేస్తే కొత్త ఫైలు తయారవుతుంది. ఆ పోయినేడాది ఫైలు కూడా అంతకు ముందేడాది దాన్నుంచి అలాగే పుట్టింది.

ఈ ఏడు మార్చి ముప్ఫై ఒకటిన చింతలమెట్ట రన్‌వే మీద వైమానిక ప్రదర్శన జరపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ రన్‌వే యుద్ధకాలంలో వేసింది. యుద్ధం అయిపోయాక దాని మీద ఒక్క విమానమూ దిగిన పాపాన పోలేదు. చుట్టుపక్కల రైతులు మొక్కజొన్న ఆరబోసుకుంటారు. జిల్లాలో అంత చదునైన కళ్లం ఇంకోటి లేదు. వారం ముందే రైతుల చేత గింజలు ఎత్తించేసి, రన్‌వేకి సున్నం గీతలు గీయించారు.

వైమానిక ప్రదర్శనకి మా దగ్గర పాత ఫైలు లేదు. అందుకని పోయినేడాది రైతు సదస్సు ఫైలు తీశాను. అందులో పద్నాలుగు షరతులున్నాయి. ఏడో షరతు ఇలా ఉంటుంది: "ప్రాంగణమందు ముఖ్య అతిథి ఆసనము కన్నా ఎత్తులో ఏ వ్యక్తియు ఆసీనులు కారాదు." ఇది ఊరికే పుట్టలేదు. అంతకు ముందేడాది సదస్సులో పాతికమంది గడ్డి లారీ ఎక్కి, ముఖ్య అతిథి తలకి సూటిగా కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. ఆయన మనసు కష్టపెట్టుకున్నారు. నేను "రైతు సదస్సు" అన్నచోటల్లా "వైమానిక ప్రదర్శన" అని మార్చి, నా సంతకం పెట్టి ఫైలు పైకి పంపాను. పైవాళ్ల ఐదు సంతకాలతో తిరిగొచ్చింది. ఐదుగురిలో ఒక్కరూ చదవలేదని కూడా నాకు తెలుసు. మూడో షరతులో "ఎడ్లకు నీటి తొట్లు ఏర్పాటు చేయవలెను" అని అలాగే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు. ప్రదర్శన నాటికి తొట్లు వచ్చాయి, నీళ్లూ నింపారు.

ఇక కెప్టెన్ గారి గురించి చెప్పాలి. పొట్నూరు ఆదినారాయణ గారికి డెబ్బై ఒకటి. వయసులో ఉన్నప్పుడు పత్తిచేల మీద విమానంలో పురుగుమందు చల్లేవారు. ఆ కంపెనీ మూతపడ్డాక, రెండు జతల రెక్కల పాత విమానం ఒకటి తుక్కు కింద తెచ్చుకుని, మూతపడిన రైసుమిల్లు షెడ్డులో పెట్టి, పదకొండేళ్లు పట్టి బాగుచేశారు. సాయం అసిరయ్య అనే బోరుమోటార్ల మెకానిక్కు. రెక్కలకి గుడ్డ కుట్టింది కెప్టెన్ గారి భార్య. ఆఖరు రెక్క అయ్యేదాకా ఉండి ఆవిడ పోయారు.

ఆ విమానం ఇంతవరకూ ఎగరలేదు. ఎగరడానికి యోగ్యమైందని విమానయాన శాఖ వాళ్లు వచ్చి చూసి కాగితం ఇచ్చారు. కానీ కెప్టెన్ గారి గుండెకి డాక్టరిచ్చిన ధ్రువపత్రం గడువు మార్చి ముప్ఫై ఒకటితో సరి. మళ్లీ ఇవ్వనని డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు. ప్రదర్శన అయ్యాక విమానాన్ని జిల్లాకి రాసిచ్చేస్తానని, సత్రం కూడలిలో దిమ్మె కట్టి దాని మీద పెట్టుకోమని ఆయనే ఒప్పుకున్నారు. దానికి ముందు ఒక్కసారి తన చేత్తో ఎగరేయాలి. ఆయన కోరిందల్లా అదే.

ప్రదర్శనకి నాలుగు రోజులుందనగా ఆయన మా ఆఫీసుకి వచ్చారు, ప్రాంగణ ప్రవేశపత్రం కోసం. ఆ రోజే మా ప్రోటోకాల్ ప్రత్యేకాధికారి భుజంగరావుగారు ఫైలు చదివారు. ఆయన ఫైలు చదవడం అరుదు. చదివితే మాత్రం ఎవరో ఒకరికి మూడుతుంది. ప్రవేశపత్రం మీద సంతకం పెట్టబోయి, కలం ఆపి, మీరు విమానంలో నిలబడతారా కూర్చుంటారా అని కెప్టెన్ గారిని అడిగారు. కూర్చుంటానని ఆయన చెప్పారు.

"అయితే సదరు విమానం గాలిలోకి లేచిన క్షణం నుంచి మీరు ముఖ్య అతిథి కన్నా ఎత్తులో ఆసీనులవుతారు. ఏడో షరతు చూడండి."

"విమానం అన్నాక పైకి లేస్తది కదా బాబూ," అన్నారు కెప్టెన్ గారు.

"పైకి లేవడం పట్ల ప్రభుత్వానికి ఎలాంటి అభ్యంతరమూ లేదు. కూర్చుని లేవడం పట్లనే."

"మరి నిలబడి తోలమంటారేటి?"

భుజంగరావుగారు ఆ సూచనను నోట్ చేసుకున్నారు. నేను కలగజేసుకుని, ఆ షరతు గడ్డి లారీ గురించని, దాన్ని పొరపాటున ఉంచేశానని మనవి చేశాను. ఆయన నావైపు జాలిగా చూశారు.

"తారకేశ్వరరావుగారూ, ఒకరు సంతకం పెడితే పొరపాటు. ఐదుగురు పెడితే విధానం. దాన్ని మార్చే అధికారం మీకూ లేదు, నాకూ లేదు."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. ఎగరడానికి అనుమతి ఇవ్వాల్సిన శాఖ ఎగరమంది. కూర్చోవడానికి అనుమతి మా చేతిలో ఉంది.

మర్నాడు సమన్వయ సమావేశం జరిగింది. రోడ్లు భవనాల ఇంజనీరు, అగ్నిమాపక అధికారి, వైద్యాధికారి వచ్చారు. ఎడ్ల తొట్ల ప్రస్తావన ఉంది కాబట్టి పశువైద్యుడు కూడా వచ్చాడు. మొదట విన్యాసాల విమానం సంగతి తేల్చారు. దాన్ని నడిపే కాదంబరి అనే అమ్మాయి నగరం నుంచే ఎగిరి వచ్చి, విన్యాసాలు చేసి, దిగకుండా వెళ్లిపోతుంది. మామూలుగా ఎగిరితే ఆమె పాదాలు ముఖ్య అతిథి శిరస్సు మీదుగా వెళతాయని వైద్యాధికారి అన్నాడు. అందరూ నిట్టూర్చారు. తలకిందులుగా కూడా ఎగరగలదట అని ఇంజనీరు చెప్పేసరికి భుజంగరావుగారి ముఖం వెలిగింది. తలకిందులైతే పాదాలు ఆకాశం వైపు, శిరస్సు ముఖ్య అతిథి వైపు. అంటే వంగి దండం పెట్టినట్టు. పైగా బెల్టుకి వేలాడుతున్న మనిషిని ఆసీనురాలు అనలేం. కాబట్టి ప్రాంగణం మీద ఆమె తలకిందులుగా మాత్రమే ఎగరవలెనని తీర్మానించారు.

అదే సదుపాయం కెప్టెన్ గారికీ ఇస్తామన్నారు. తన విమానం తలకిందులైతే ఇంజనుకి పెట్రోలు అందదని, కూలిపోతానని ఆయన చెప్పారు. కూలిన తర్వాత ఎత్తు సమస్య ఉండదు కదా అని పశువైద్యుడు అన్నాడు. అతను హాస్యానికి అన్నాడో లేదో ఈనాటికీ నాకు తెలియదు. మినిట్సులోకి మాత్రం ఎక్కింది.

చివరికి ఇంజనీరు ఒక దారి చూపాడు. విమానాన్ని దించలేకపోతే వేదికని ఎత్తుదాం అన్నాడు. ఇనుప గొట్టాలతో నలభై అడుగుల వేదిక వేయగలడట, అంతకు మించితే గాలికి ఊగుతుందట. నలభై అడుగుల లోపు ఏ విమానం ఎగురుతుందని అందరూ కెప్టెన్ గారి వైపు చూశారు. ఆయన ముఖంలో మొదటిసారి నవ్వు చూశాను.

"పత్తిచేల మీద పదడుగుల ఎత్తులో ఇరవై రెండేళ్లు ఎగిరాను బాబూ. ముప్ఫై అడుగులిస్తే నాకు రాజ్యమిచ్చినట్టే."

నలభై అడుగుల వేదిక రెండు రోజుల్లో లేచింది. దాని మీద ఎర్ర తివాచీ, తివాచీ మీద సింహాసనం లాంటి కుర్చీ, ఎక్కడానికి యాభై తొమ్మిది మెట్లు. పక్క ఊళ్ల జనం విమానం సంగతి మరిచిపోయి దాన్ని చూడ్డానికి వచ్చారు. కెప్టెన్ గారు రైసుమిల్లు నుంచి విమానాన్ని ట్రాక్టరుకి కట్టి తెచ్చి రన్‌వే చివర నిలిపారు. అసిరయ్య విమానం ముక్కున ఉన్న పంఖాకి పసుపు రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. నేనూ ఒక కొబ్బరికాయ కొట్టాను. ఆ నాలుగు రోజుల్లో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

ముప్ఫై ఒకటో తేదీ ఉదయం ఎనిమిదింటికి ముఖ్య అతిథి కార్యదర్శి ఫోన్ చేశాడు. సారుకి మోకాళ్ల నొప్పులు, మూడు మెట్లకు మించి ఎక్కరు, నేల మీదే సోఫా వేయండి అని చెప్పి పెట్టేశాడు. భుజంగరావుగారు ఫోన్ కింద పెట్టి, టేపు తెమ్మన్నారు. సోఫా ఆసనం నేల నుంచి అడుగున్నర. విమానం గాలిలోకి లేవకపోయినా, నేల మీద నిలబడి ఉన్నా, అందులో పైలెట్ సీటు నాలుగున్నర అడుగులు. అంటే ఆ విమానం తెచ్చినప్పటి నుంచీ రన్‌వే మీద నిలబడి నిబంధనను ఉల్లంఘిస్తూనే ఉంది.

పక్క చెరువు పనుల్లో ఉన్న రెండు జేసీబీలను తొమ్మిదింటికి పిలిపించారు. మధ్యాహ్నానికి రన్‌వే పక్కన, సోఫాకి ఎదురుగా, విమానం రెక్కలు పట్టేంత వెడల్పున, నాలుగడుగుల లోతున గొయ్యి తయారైంది. ఒకవైపు ఏటవాలుగా వదిలి, ఇరవైమంది హోంగార్డులు విమానాన్ని అందులోకి తోసుకెళ్లారు. భుజంగరావుగారు స్వయంగా టేపు పట్టి, పైలెట్ సీటు సోఫా కన్నా ఒక అడుగు కిందికి ఉందని చూసి, ఫైలులో రాసుకున్నారు. కెప్టెన్ గారు గోతిలోకి దిగి, రెక్క మీద పడిన మట్టిని కండువాతో దులిపారు.

"ఏటి బావూ ఇది, మనిషిని కప్పెట్టినట్టు కప్పెట్టేసినారు," అన్నాడు అసిరయ్య నాతో. నేను తొట్లలో నీళ్లున్నాయో లేవో చూడ్డానికి వెళ్లిపోయాను. అతని కళ్లలోకి చూసే ముఖం నాకు లేదు.

రెండింటికి ముఖ్య అతిథి హెలికాప్టర్లో దిగారు. సోఫాలో కూర్చున్నారు. వెనకాల నలభై అడుగుల ఖాళీ వేదిక మీద ఖాళీ కుర్చీ ఉంది. దాని మీద ఎవరూ ఎక్కకుండా ఇద్దరు కానిస్టేబుళ్లని మెట్ల దగ్గర పెట్టారు. వాళ్లు కూడా కిందే నిలబడ్డారు. కాదంబరి చెప్పిన టైముకి వచ్చి, తలకిందులుగా రన్‌వే పొడుగునా ఒక్కసారి దూసుకుపోయి, మబ్బుల్లో కలిసిపోయింది. జనం ఈల వేశారు. నమస్కారం పెట్టిందా అని ముఖ్య అతిథి అడిగారు. సాష్టాంగంగా పెట్టిందని భుజంగరావుగారు చెప్పారు. ఆయన చాలా సంతోషించారు.

తర్వాత "పురాతన విమాన విన్యాసం" అని మైకులో ప్రకటించారు. అసిరయ్య గోతిలో పంఖా తిప్పాడు. పదకొండేళ్ల కష్టానికి ఇంజను ఒక్క తిప్పుకే పలికింది. గోతిలోంచి ఎర్రదుమ్ము లేచింది. దుమ్ములో పై రెక్క, కెప్టెన్ గారి తల మాత్రం కనపడుతున్నాయి. మైకు పట్టుకున్న సమాచార శాఖ ఉద్యోగి కాగితం చూసి చదువుతున్నాడు: "ఇప్పుడు విమానం మన జిల్లా కీర్తిపతాకంలా నింగికెగసింది. ఇదిగో, కుడివైపు ఒదిగింది. ఇదిగో, మేఘాలను ముద్దాడింది." ఆ కాగితం కూడా వారం ముందు ఐదు సంతకాలతో వచ్చిందే. ముఖ్య అతిథి చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టాక అధికారులు కొట్టారు, వాళ్లు కొట్టాక బడిపిల్లలు కొట్టారు. కెప్టెన్ గారు ఇంజను ఆపి, తల వంచుకుని కూర్చుండిపోయారు. ఇరవై ఆరేళ్లలో నా ఉద్యోగం మీద నాకు అంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

ఉపన్యాసాలు నాలుగున్నర దాకా సాగాయి. నాలుగూ నలభైకి ముఖ్య అతిథి హెలికాప్టర్ ఎక్కారు. మా ఆచారం ఏమిటంటే, హెలికాప్టర్ లేచి చుక్కంతై కనుమరుగయ్యే దాకా అధికారులందరూ చేతులు జోడించి, తలలెత్తి నిలబడాలి. నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. తలెత్తి చూస్తూ ఉండగా, ఎక్కడో పైన, ఆ చిన్న కిటికీ వెనకాల, ఆయన కూర్చుని ఉన్నారని నాకు తట్టింది. కూర్చునే ఉన్నారు. ఏడో షరతు నాకు కంఠతా వచ్చు. "ముఖ్య అతిథి ఆసనము కన్నా ఎత్తులో" అని రాసింది. సోఫా అని రాయలేదు.

నేను ధైర్యవంతుణ్ణి కాను. జోడించిన చేతులు దించకుండానే వెనక్కి అడుగులో అడుగు వేసుకుంటూ గోతి దగ్గరికి వెళ్లాను.

"కెప్టెన్ గారూ, ఆ హెలికాప్టర్ ఎంత ఎత్తులో ఎగురుతుంది?"

"మూడు వేల అడుగులుంటది. ఏం బాబూ?"

"ముఖ్య అతిథి ఆసనం ఇప్పుడు మూడు వేల అడుగుల్లో ఉంది. దానికి లోబడి మీరు ఎక్కడ కూర్చున్నా నిబంధనకి విరుద్ధం కాదు."

ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, కళ్లజోడు తుడుచుకున్నారు. సూర్యాస్తమయానికి ఇంకా గంట పైనే ఉంది.

అధికారులు హెలికాప్టర్ని కళ్లతో సాగనంపి, హోదాల వరసలో కార్లెక్కి వెళ్లిపోయారు. ఒకరి కారు ఇంకొకరి కారు కన్నా ముందు పోకూడదు కాబట్టి ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. హోంగార్డులు లారీ ఎక్కేశారు. విమానాన్ని గోతిలోంచి తీసే మనుషులు లేరు. అప్పటికే రన్‌వే మీదికి మొక్కజొన్న బస్తాలతో రైతులు తిరిగొస్తున్నారు. అసిరయ్య వాళ్లని కేకేశాడు. పాతికమంది వచ్చి, ఏమిటీ ఎందుకూ అని అడక్కుండా, భుజాలానించి నెట్టారు. ఏటవాలు మీద చక్రం రెండుసార్లు మట్టిలో దిగబడింది. ఒక ముసలాయన తన గోనెసంచులు తెచ్చి చక్రాల కింద వేశాడు. నేనూ తోశాను. నా తెల్లచొక్కా పాడైంది, అది వేరే సంగతి.

అయిదూ పన్నెండుకి ఆ విమానం నేల విడిచింది. ఎలా లేచిందని అడిగితే నేను చెప్పలేను. పరిగెత్తుతూ పరిగెత్తుతూ ఉండగా చక్రాల కింద కాస్త వెలుగు కనపడింది, అంతే. ముందు మొక్కజొన్న చేల మీద కంకులు తగిలేటంత కిందుగా వెళ్లింది. తర్వాత పైకి లేచింది. ఖాళీ వేదికని దాటి, సింహాసనాన్ని దాటి, ఎండ తగిలే ఎత్తుకి వెళ్లి, అక్కడ గుండ్రంగా తిరిగింది. ఎండ వెలుగుకి రెక్కల గుడ్డ మీద కుట్టు గీతలు కనపడ్డాయి. "అమ్మగోరు కుట్టిందే," అని అసిరయ్య ఏడ్చేశాడు. నాకూ ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

అయిదూ ఇరవై ఎనిమిదికి దిగారు. పంఖా ఆగేదాకా సీట్లోనే ఉన్నారు. రైతులు చుట్టూ మూగారు గానీ ఎవరూ గోల చేయలేదు.

"రెండో సిలిండరు కొద్దిగా తడబడుతోంది అసిరయ్యా, రేపు చూడాలి," అన్నారాయన.

"అలగే బావూ," అన్నాడు అసిరయ్య. రేపు లేదని ఇద్దరికీ తెలుసు.

భుజంగరావుగారు పంపిన నివేదికలో, ప్రదర్శన అత్యంత విజయవంతమైందని, ఏ విమానమూ ఏడో షరతును ఉల్లంఘించలేదని ఉంది. ముఖ్య అతిథి వెళ్లాక జరిగింది ప్రదర్శన కిందికి రాదు కాబట్టి అది జరగలేదు. ఆయన తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి.

మూడు నెలల తర్వాత సత్రం కూడలిలో విమానావిష్కరణ. ఫైలు నా దగ్గరికే వచ్చింది. ఈసారి మక్కీకి మక్కీ దించకుండా, ఒళ్లు దగ్గర పెట్టుకుని, విమానానికి పన్నెండడుగుల దిమ్మె అని రాశాను. భుజంగరావుగారు దాన్ని కొట్టేశారు. ముఖ్య అతిథి సమక్షంలో సదరు విమానం గోతిలో ఉండినట్టు పూర్వపు రికార్డులో ఉందట, పూర్వ సంప్రదాయాన్ని తప్పరాదట. కూడలి మధ్యలో నాలుగడుగుల గొయ్యి తవ్వి, గోడలకి టైల్సు వేసి, చుట్టూ కటకటాలు పెట్టి, విమానాన్ని అందులో దించారు. ప్రయాణికులు బస్సు దిగి, కటకటాల మీద వంగి, కిందికి చూస్తే విమానం కనపడుతుంది. ఎడ్ల తొట్టి కూడా ఒకటి పెట్టారు.

శిలాఫలకం మీద ఏం చెక్కాలో రాయడం కూడా నా పనే. పై పదకొండు వరసల్లో రావాల్సిన పేర్లన్నీ హోదా ప్రకారం రాశాను. పన్నెండో వరసలో ఇంకో వాక్యం రాసి ఫైలు పైకి పంపాను. నాలుగు రోజులకి ఐదు సంతకాలతో తిరిగొచ్చింది.

ఆవిష్కరణ నాడు ముఖ్య అతిథి తెర లాగారు. పేర్లు గట్టిగా చదివే గౌరవం భుజంగరావుగారిది. పదకొండు వరసలు గంభీరంగా చదివి, అదే ఊపులో పన్నెండోది కూడా చదివేశారు: "ఈ విమానమును పొట్నూరు ఆదినారాయణ గారు ది. 31-3 సాయంత్రము 5-12 మొదలు 5-28 వరకు చింతలమెట్టపై ఎగురవేసిరి. రెక్కలు కుట్టినది వారి భార్య సుభద్రమ్మ."

చదివాక ఆయన నావైపు తిరిగారు. ఇదెలా వచ్చింది, పొరపాటు కదా అని నెమ్మదిగా అడిగారు. చంకలో ఉన్న ఫైలు తీసి సంతకాల పేజీ చూపించాను. అందులో నాలుగోది ఆయనదే.

"ఐదుగురు పెట్టారండి," అన్నాను.

జనం వెనకాల కెప్టెన్ గారు నిలబడి ఉన్నారు. పెద్దలంతా కార్లెక్కి వెళ్లాక, ఆయన ముందుకొచ్చి, విమానం వైపు చూడకుండా నేరుగా రాతి దగ్గరికి వెళ్లారు. కళ్లజోడు సరిచేసుకుని, ఆఖరు వరస మీద వేలు పెట్టి, భార్య పేరు దాకా నెమ్మదిగా చదువుకున్నారు.